ఇద్దరు కోచ్‌లు.. రెండే మోకాళ్లు

మన స్కూళ్లలో ఓ వింత గమనించారా? ఒకే అమ్మాయికి లెక్కల్లోనూ, సైన్సులోనూ నూటికి నూరు వస్తే ఇద్దరు సార్లూ స్టాఫ్ రూములో కలిసి మురిసిపోతారు. 'లెక్కలు మానేసి సైన్సే చదువు' అని ఎవరూ అనరు. అదే అమ్మాయి పొద్దున కబడ్డీలో కూతకెళ్లి ఇద్దర్ని అవుట్ చేసి, సాయంత్రం వాలీబాల్ నెట్టు దగ్గర షాట్లు కూడా అదరగొట్టిందనుకోండి.. ఇక ఆ ఇద్దరు కోచ్‌ల మధ్య మాటలుండవు.

'నా ప్లేయర్‌ని పాడు చేస్తున్నాడు' అని ఒకరు. 'అసలు ఆ పిల్లని కనిపెట్టిందే నేను' అని ఇంకొకరు. మధ్యలో ఆ పిల్ల పొద్దున ఒకరికి 'సరే సార్', సాయంత్రం ఇంకొకరికి 'అలాగే సార్' అని చెప్పుకుంటూ తిరుగుతుంది. ఇది చదువుతున్న మీలో కొందరు ఆ పిల్లే. ఇంకొందరు ఆ పిల్లకి అన్నయ్యో అక్కో. అందుకే ఈ వారం ఈ గొడవే మాట్లాడుకుందాం.

అందరికీ ఆ పది మందే కావాలి

ముందు మాస్టార్ల వైపు నుంచి చూద్దాం. మా రామచంద్రపురం కావచ్చు, పక్కన మండపేట కావచ్చు, చాలా స్కూళ్లలో ఆటలన్నిటికీ కలిపి ఉండేది ఒక్క పీఈటీ మాస్టారే. స్కూల్ గేమ్స్ సీజన్ మొదలైందంటే ఆయన నెత్తిన కొండ పడ్డట్టే. కబడ్డీ బరిలో ఏడుగురు కావాలి. ఖోఖోకి తొమ్మిది మంది. వాలీబాల్‌కి ఆరుగురు. సబ్‌స్టిట్యూట్లు లేకుండానే 22 మంది. ఇవి కాక పరుగులు, లాంగ్ జంప్, షాట్‌పుట్. అండర్-14కి ఒక జట్టు, అండర్-17కి ఇంకో జట్టు. అబ్బాయిలకీ అమ్మాయిలకీ వేరువేరుగా.

అంతమంది ఆడే పిల్లలు ఎక్కడున్నారు? ఇంట్లో వాళ్లు ఒప్పుకుని, బూట్లు కొని, పొద్దున్నే గ్రౌండుకి పంపేది మహా అయితే పది మందిని. అందుకే పొద్దున కబడ్డీ ఆడిన పిల్లే మధ్యాహ్నం ఖోఖో ఆడుతుంది, సాయంత్రం 400 మీటర్లు పరిగెడుతుంది. మాస్టారిది స్వార్థం అనలేం. ఆయన చేతిలో ఉన్న పేకలు అవే మరి.

ఇక బయట కోచ్ సంగతి. వాలీబాల్ కావచ్చు, బ్యాడ్మింటన్ కావచ్చు, ఆయనకి ఒకటే ఆట. ఆయన పేరు నిలబడేది తన దగ్గర నేర్చుకున్న పిల్ల జిల్లా జట్టులోకో రాష్ట్ర జట్టులోకో వెళ్తేనే. ఆ పిల్ల మరో ఆటలో మడమ మెలిపెట్టుకుని వస్తే ఆయన రెండేళ్ల కష్టం మంచం మీద పడుకుంటుంది. ఆయన భయమూ నిజమే.

దీనికి తోడు పోటీలు నడిపే దారులు రెండు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ దారి మండలంలో మొదలై జిల్లా, రాష్ట్రం మీదుగా జాతీయ పోటీల దాకా వెళ్తుంది. ఆయా ఆటల అసోసియేషన్లు నడిపే సబ్ జూనియర్, జూనియర్ పోటీలు ఇంకో దారి. రెండు క్యాలెండర్లూ ఒకదాన్నొకటి అడిగి తయారవ్వవు. సర్టిఫికెట్లు కూడా వేరువేరు దారుల్లోనే వస్తాయి. ఆ సర్టిఫికెట్ విలువేంటో మన దగ్గర అందరికీ తెలుసు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటా ఇప్పుడు 3 శాతం. 2025 మెగా డీఎస్సీలో ఆ కోటాలో టీచర్లయినవాళ్లు ఉన్నారు. కాబట్టి 'ఆటే కదా, ఏముందిలే' అని తేలిగ్గా తీసిపారేసే విషయం కాదిది. ఒక శనివారం ఏ గ్రౌండుకి వెళ్లాలి అన్న ప్రశ్న వెనక ఒక ఇంటి ఆశ ఉంటుంది.

తొమ్మిది, పన్నెండు.. కూడితే?

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. వయసు 14. పొద్దున స్కూలు గ్రౌండులో కబడ్డీ, పరుగు. రోజుకి గంటన్నర, వారానికి ఆరు రోజులు. అంటే 9 గంటలు. సాయంత్రం బయట వాలీబాల్. రోజుకి రెండు గంటలు, అదీ ఆరు రోజులే. అంటే 12 గంటలు. పీఈటీ మాస్టారిని అడిగితే 'వారానికి తొమ్మిది గంటలేనండీ, ఏం ఎక్కువని?' అంటారు. వాలీబాల్ కోచ్‌ని అడిగితే 'పన్నెండు గంటలు కూడా చేయకపోతే ఆట ఏం వస్తుందండీ?' అంటారు. విడివిడిగా చూస్తే ఇద్దరూ చెప్పింది సబబే.

కానీ పిల్ల ఒక్కతే కదా. ఆమె కాళ్ల మీద పడేది తొమ్మిదీ కాదు, పన్నెండూ కాదు. ఇరవై ఒకటి. ఆదివారం మ్యాచ్ ఉంటే ఇంకో మూడు. మొత్తం 24 గంటలు. ఈ కూడిక ఇద్దరు కోచ్‌లలో ఎవరి దగ్గరా లేదు. ఎవరి డైరీలో వాళ్ల గంటలే ఉన్నాయి.

ఆ సీజన్లో మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేది. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదే అని అడిగితే ఏమందో తెలుసా? 'పొద్దున సార్‌కి చెబితే వాలీబాల్ మానెయ్ అంటారు మావయ్యా. సాయంత్రం సార్‌కి చెబితే కబడ్డీ మానెయ్ అంటారు. అమ్మకి చెబితే రెండూ మానెయ్ అంటుంది.'

ఈ గొడవలో అసలు నష్టం ఇక్కడ జరుగుతుంది. కోచ్‌లు ఒకరి మీద ఒకరు విసుక్కోవడం వల్ల కాదు. ఆ విసుగుకి భయపడి పిల్లలు నొప్పి దాచుకోవడం వల్ల.

డాక్టర్లు చెప్పే లెక్క చాలా సింపుల్

అమెరికాలో నీరు జయంతి అనే స్పోర్ట్స్ డాక్టర్ బృందం సుమారు 1200 మంది పిల్లల్ని పరిశీలించి 2015లో ఒక అధ్యయనం ప్రచురించింది. అందులో తేలిన విషయం గుర్తుపెట్టుకోవడం తేలిక. వారానికి తమ వయసు కన్నా ఎక్కువ గంటలు శిక్షణలో గడిపే పిల్లల్లో, ఒకే చోట పదేపదే ఒత్తిడి పడి వచ్చే గాయాలు ఎక్కువగా కనిపించాయి. అంటే 14 ఏళ్ల పిల్లకి వారానికి 14 గంటలు హద్దు అనుకోండి. మా అమ్మాయి చేస్తున్నది 24.

మరుసటి ఏడాది, 2016లో, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే పిల్లల డాక్టర్ల సంఘం కూడా కొన్ని సూచనలు ఇచ్చింది. చాలా ఆటల్లో కనీసం 15, 16 ఏళ్లు వచ్చేదాకా ఒక్క ఆటకే కట్టుబడిపోవద్దు. వారంలో ఒకటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. ఏడాదిలో మూడు నెలలు, ఒక్కో నెల చొప్పున, ఆడే ఆట నుంచి విరామం.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. రెండు ఆటలు ఆడటం శరీరానికి మంచిదే. ఒకే కండరం, ఒకే కీలు మీద ఏడాది పొడుగునా భారం పడదు. కబడ్డీలో నేర్చిన కాళ్ల చురుకు వాలీబాల్‌లో పనికొస్తుంది. కానీ రెండు ఆటలు పంచుకుని ఆడటం వేరు. రెండు ఆటల ప్రాక్టీసూ పూర్తిగా, ఒకేసారి చేయడం వేరు. మొదటిది భోజనంలో రెండు కూరలు వేసుకోవడం లాంటిది. రెండోది రెండు భోజనాలు ఒక్కపూటే తినడం. పిల్లల్లో ఎక్కువమంది చేస్తున్నది ఈ రెండోదే.

మా అక్క ఏం చేసిందంటే..

మా అక్క ఆటలు ఆడిన మనిషి కాదు. కానీ ఇంటి ఖర్చు లెక్క రాసే మనిషి. రూళ్ల పుస్తకంలోంచి ఓ కాగితం చింపి, సోమవారం నుంచి ఆదివారం దాకా గళ్లు గీసి, పిల్ల గంటలన్నీ రాసింది. కింద మొత్తం వేసింది. ఆ కాగితం పట్టుకుని పొద్దున ఒక గ్రౌండుకి, సాయంత్రం ఇంకో గ్రౌండుకి వెళ్లింది. రెండు చోట్లా ఒకటే మాట అంది: 'మాస్టారండీ, మీ ఇద్దరూ చెప్పేది నిజమేనండి. కానీ మా అమ్మాయికి మోకాళ్లు రెండేనండి.'

వాలీబాల్ కోచ్ ఆ కాగితం చూసి కాసేపు ఏం మాట్లాడలేదట. 'పొద్దున కూడా ఇంత చేస్తోందని నాకు తెలీదండీ, అమ్మాయి ఎప్పుడూ చెప్పలేదు' అన్నారట. తమాషా ఏంటంటే, ద్రాక్షారామం రోడ్డులో ఒకే టీ కొట్టు దగ్గర రోజూ టీ తాగే మనుషులు వాళ్లిద్దరూ. ఒకరి ఫోన్ నంబరు ఇంకొకరి దగ్గర లేదు. ఆ సాయంత్రం మొదటిసారి మాట్లాడుకున్నారు.

ఒప్పందం ఏం కుదిరిందంటే, స్కూల్ గేమ్స్ అయ్యేదాకా కబడ్డీ ముందు. వాలీబాల్ వారానికి మూడు సాయంత్రాలే, అదీ గెంతుడు తగ్గించి, చేతి పని మీద. తర్వాత నెలల్లో తిరగేసి వాలీబాల్ ముందు. ఆదివారం మ్యాచ్ ఉంటే సోమవారం సెలవు. మోకాలు డాక్టరుకి చూపించాక అదుపులోకి వచ్చింది.

అంతా సుఖాంతం అనుకోకండి. స్కూల్ గేమ్స్ సెలెక్షన్లు, వాలీబాల్ అసోసియేషన్ సెలెక్షన్లు ఒకే శనివారం పడ్డాయి. ఒకటి వదులుకోవాల్సి వచ్చింది. వాలీబాల్ వదిలింది. ఆ ఏడాది జిల్లా జట్టు ఛాన్సు పోయింది. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కానీ ఏది వదలాలో తనే చెప్పింది. ఇద్దరు పెద్దవాళ్ల కోపాల మధ్య దాక్కుని కాదు, ఇద్దరి ఎదురుగా నిలబడి చెప్పింది. నాకు ఆ తేడా చాలా పెద్దదనిపించింది.

ఎలీస్ పెర్రీకి కూడా తప్పలేదు

'ఇదంతా మన ఊళ్లలోనే' అనుకుంటున్నారేమో. బెంగళూరు జెర్సీలో మీరు చప్పట్లు కొట్టిన ఎలీస్ పెర్రీ సంగతి వినండి. 2007లో 16 ఏళ్ల వయసులో, ఆస్ట్రేలియా తరఫున క్రికెట్‌లో అడుగుపెట్టింది. రెండు వారాలు తిరక్కుండానే అదే దేశం తరఫున ఫుట్‌బాల్‌లోనూ ఆడింది. 2011 ఫుట్‌బాల్ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో స్వీడన్ మీద గోల్ కొట్టింది. క్రికెట్, ఫుట్‌బాల్ రెండింటి ప్రపంచకప్‌ల్లోనూ ఆడిన ఆస్ట్రేలియన్ ఆమె.

2012లో ఆమెకీ మన పిల్ల కష్టమే వచ్చింది. ఆమె ఆడుతున్న కాన్‌బెర్రా యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్, క్రికెట్ కన్నా తమకే ముందు కట్టుబడాలని పట్టుబట్టింది. ఆమె ఒప్పుకోలేదు. సిడ్నీ ఎఫ్‌సీకి మారిపోయింది. ఆ క్లబ్ క్రికెట్ షెడ్యూలుతో సర్దుకోవడానికి సిద్ధపడింది. గట్టిగా పట్టుకున్న క్లబ్ ప్లేయర్ని పోగొట్టుకుంది, కాస్త వదిలిన క్లబ్‌కి ప్లేయర్ దొరికింది. ఏ కోచ్‌కైనా చెప్పుకోదగ్గ కథ ఇది.

తర్వాతి ఏళ్లలో ఆమె తనంతట తానే ఫుట్‌బాల్ వదిలి క్రికెట్‌లో ఉండిపోయింది. 2024లో ఆర్సీబీ కప్పు గెలిచిన డబ్ల్యూపీఎల్ సీజన్లో అందరికన్నా ఎక్కువ పరుగులు, 347, ఆమెవే. ఎప్పటికైనా ఒకటి ఎంచుకోక తప్పదు. ఎప్పుడు, ఎవరు ఎంచుకుంటారన్నదే తేడా.

మనవాళ్లు ఏ దారిన వచ్చారు?

పీవీ సింధు తల్లిదండ్రులు రమణ, విజయ ఇద్దరూ వాలీబాల్ ఆటగాళ్లే. రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు, అర్జున అవార్డు గ్రహీత. పిల్లని తమ ఆటలోకి లాగే హక్కు ఎవరికైనా ఉందంటే ఆ ఇంట్లో వాళ్లకే ఉంది. పైగా ఆ పొడుగు! అయినా అమ్మాయి రాకెట్ పట్టుకుంటానంటే సరేనన్నారు.

విజయవాడ ఆర్చర్ వెన్నం జ్యోతి సురేఖ నాలుగేళ్ల వయసులో కృష్ణా నదిలో ఈది రికార్డుకెక్కింది. ఆ తర్వాత విల్లు పట్టింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ పొడుగు చూసి ఈమె హర్డిల్స్‌కి పనికొస్తుందని గుర్తించింది స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల 100 మీటర్ల హర్డిల్స్ ట్రాక్ మీద నిలబడిన మొదటి భారతీయురాలు ఆమె. పీఈటీ మాస్టారి కన్ను తక్కువది కాదని అందుకే అంటున్నా.

'మరి మన అమలాపురం సాత్విక్ సంగతేంటి?' అంటారు. సరైన ప్రశ్నే. సాత్విక్ సాయిరాజ్ నాన్నగారు కూడా వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవారే, బ్యాడ్మింటన్ ఆడినవారు. కొడుకు చిన్నప్పుడే రాకెట్ పట్టి, గోపీచంద్ అకాడమీకి వెళ్లి, 2023లో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. బ్యాడ్మింటన్, జిమ్నాస్టిక్స్ లాంటి ఆటలు చిన్న వయసులోనే మొదలుపెట్టాలి. అది నిజం. కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్‌కి అంత తొందర లేదు. కాబట్టి 'అన్నీ ఆడు' అనేదీ, 'ఒక్కటే ఆడు' అనేదీ అన్ని ఆటలకీ సరిపోయే సలహాలు కావు. ఏ ఆట అన్నది చూడాలి.

ఇక యువరాజ్ సింగ్ కథ మీకు తెలిసే ఉంటుంది. స్కేటింగ్‌లో పతకం గెలిచి ఇంటికొస్తే, తండ్రి యోగ్‌రాజ్ దాన్ని పారేసి క్రికెట్టే ఆడమన్నారు. 'చూశారా, బలవంతం చేస్తేనే ప్రపంచకప్ వచ్చింది' అని చాలామంది చెబుతారు. కానీ మనకి వినిపించేది గెలిచిన యువరాజ్ కథే. పతకం పారేశాక క్రికెట్టూ రాక, స్కేటింగూ పోయి, ఇంట్లో కూర్చున్న పిల్లల కథలు ఎవరూ ఇంటర్వ్యూ చేయరు కదా.

డల్లాస్ బాబాయ్ గారి పిల్లలకీ ఇదే గొడవ

అమెరికాలో హైస్కూలు ఆటలకి మూడు సీజన్లు. ఆకులు రాలే కాలంలో ఫుట్‌బాల్ లాంటివి, చలికాలంలో బాస్కెట్‌బాల్, వసంతంలో ట్రాక్, బేస్‌బాల్. ఒక పిల్లాడు మూడు సీజన్లలో మూడు ఆటలు ఆడొచ్చు. ఏర్పాటే అలా ఉంటుంది. మరి అక్కడ గొడవ ఎందుకొచ్చింది? ఏడాది పొడుగునా నడిచే ప్రైవేటు క్లబ్బుల వల్ల. స్కూలు కోచ్ 'ఈ సీజన్ నాది' అంటాడు. క్లబ్ కోచ్ 'నాకు సీజన్లు లేవు' అంటాడు. మన తెలుగు పిల్లలు కూడా అక్కడ ఈ రెండింటి మధ్యే నలుగుతుంటారు.

మనం అక్కడి నుంచి తీసుకోదగ్గది ఆ సీజన్ అనే ఆలోచన. గోదావరి జిల్లాల వాళ్లకి ఇది కొత్త కాదు. ఒకే చేలో సార్వా, దాళ్వా వేరువేరుగా వేస్తాం. తర్వాత మినుమో పెసరో చల్లుతాం. మూడూ ఒకేసారి చల్లే రైతు ఎవరైనా ఉన్నాడా?

మూడో కోచ్‌ని మర్చిపోకండి

మన దగ్గర ఇంకో కోచ్ ఉన్నాడు. తెలుగులో 'కోచింగ్' అంటే ముందు గుర్తొచ్చేది గ్రౌండు కాదు, ఐఐటీ ఫౌండేషన్. ఇద్దరు ఆటల కోచ్‌లు ఆ పిల్ల కోసం దెబ్బలాడుకుంటూ ఉండగానే, పదో తరగతి వస్తుంది. తెల్లవారుజామున స్టడీ అవర్, సాయంత్రం స్లిప్ టెస్ట్. రెండు గ్రౌండ్లలోంచీ పిల్ల ఒకేసారి మాయం. ముఖ్యంగా అమ్మాయిలు. తన్నుకుంటున్న ఇద్దరికీ చివరికి ఏమీ మిగలదు. కోచ్‌లు ఒకరితో ఒకరు మాట్లాడుకుని, పిల్లకి అలసట లేకుండా, ఇంట్లోవాళ్లకి చదువు మీద నమ్మకం ఉండేలా చూస్తే, కనీసం ఒక ఆటైనా పదో తరగతి దాటి బతుకుతుంది.

సరే, ఇప్పుడేం చేద్దాం?

ఒకటి. మీ వారం మొత్తం ఒక్క కాగితం మీద రాయండి. ఫోన్‌లో నోట్స్ అయినా సరే. స్కూలు ప్రాక్టీసు, బయట ప్రాక్టీసు, మ్యాచ్‌లు, అన్నీ. మొత్తం మీ వయసు దాటిందేమో చూడండి. దాటితే ఆ కాగితం ఇద్దరికీ ఒకేలా చూపించండి. ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి చెప్పొద్దు.

రెండు. కోచ్‌ల మధ్య కబుర్లు మోసే పని మీది కాదు. 'ఆ సార్ ఇలా అన్నారు' అని మీరు చెబితే అది చాడీ అవుతుంది. ఇద్దరి నంబర్లూ అమ్మకో నాన్నకో ఇచ్చి, వాళ్లనే మాట్లాడమనండి.

మూడు. సీజన్ మొదట్లోనే రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టండి. తేదీలు ఎక్కడ కొట్టుకుంటాయో ముందే తెలిస్తే, ఏది వదలాలో ప్రశాంతంగా ఆలోచించొచ్చు. ముందురోజు రాత్రి తేల్చుకుంటే ఏడుపే మిగులుతుంది.

నాలుగు. నొప్పి దాచొద్దు. ఆడేటప్పుడు వచ్చి ఆపగానే పోయే నొప్పి వేరు. మెట్లు దిగేటప్పుడు, నిద్ర లేచేటప్పుడు కూడా ఉండే నొప్పి వేరు. రెండోదైతే గ్రౌండు కన్నా ముందు డాక్టరు.

ఐదు. ఇది మాస్టార్లకి. ఈ కాలమ్ మీ ఫోన్‌లోకి ఎలాగూ వస్తుంది, మీ శిష్యులే పంపుతారు. మీ జట్టులో బాగా ఆడే అమ్మాయిని రేపు ఒక్క ప్రశ్న అడగండి: 'ఇక్కడ కాక ఇంకెక్కడ, ఎన్ని గంటలు ఆడుతున్నావమ్మా?' ఆ అమ్మాయి నిజం చెప్పిందంటే మీరు మంచి కోచ్. చెప్పడానికి భయపడిందంటే మాత్రం ఆ సాయంత్రమే టీ కొట్టు దగ్గర ఆ రెండో సార్‌ని పలకరించండి. రెండు టీలు చెప్పండి, డబ్బులు మీరే ఇవ్వండి.